గచ్చిబౌలి కొలనులో ఒంటికాలి ఈత

2003వ సంవత్సరం అక్టోబరు 24వ తేదీ మొదలు నవంబరు 1వ తేదీ వరకు హైదరాబాదు నగరంలో ఆఫ్రో-ఆసియా క్రీడోత్సవాలు జరిగినవి. రెండు ఖండాల క్రీడాకారులు ఒక్కచోట చేరిన అటువంటి పండుగ అంతకు ముందు జరుగలేదు. ఆ తరువాత మరి జరుగనూ లేదు. వీధులకు రంగులు వేసినారు, తోరణాలు కట్టినారు, ఆరంభోత్సవంనాటి బాణసంచాను నగరమంతా మిద్దెలెక్కి చూచినది. ఆ సందడిలో గచ్చిబౌలి ఈతకొలనులో జరిగిన ఒక విషయం మాత్రం అంతగా ఎవరి దృష్టికీ రాలేదు. దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన పందొమ్మిదేండ్ల యువతి ఒకతె 800 మీటర్ల ఫ్రీస్టైల్ ఈతలో రజత పతకం, 400 మీటర్ల ఈతలో కాంస్య పతకం గెలుచుకొన్నది. ఆమెకు ఎడమకాలు మోకాలి నుంచి క్రిందికి లేదు. ఆ పందేలు వికలాంగుల కొరకు ప్రత్యేకించినవి కావు.

ఆమె పేరు నటాలీ డ్యు టోయ్. డ్యు టోయ్ అన్నది ఫ్రెంచి మూలం గల ఇంటిపేరు. పదిహేడవ శతాబ్దంలో మతహింసకు తాళలేక ఫ్రాన్సు దేశాన్ని విడిచి దక్షిణాఫ్రికా తీరం చేరిన ప్రొటెస్టంటు కుటుంబాలతోపాటు ఆ పేరు అక్కడకు వచ్చినది. వ్రాతలో చివర నున్న టకారం పలుకులో లేదు. పత్రికలలో ఆ పేరు పలువిధాలుగా కనిపించటానికి అదే కారణం.

1984 జనవరి 29న కేప్‌టౌన్ నగరంలో జన్మించిన ఈ బాలిక పద్నాలుగేండ్ల వయస్సులోనే, 1998లో కౌలాలంపూర్‌లో జరిగిన కామన్వెల్తు క్రీడలలో తన దేశం తరఫున ఈదినది. అప్పటికి ఆమెకు రెండు కాళ్లూ ఉన్నవి. 2000 సంవత్సరపు సిడ్నీ ఒలింపిక్సుకు అర్హత కొద్దిలో తప్పినది. అటువంటి బాలికకు ఆ తప్పటం పెద్ద విషయం కాదు. నాలుగేండ్లు ఓపిక పట్టితే మరొక ఒలింపిక్సు వచ్చును. కాని 2001 ఫిబ్రవరి 26న, ఉదయపు సాధన ముగించుకొని స్కూటరుపై బడికి వెళుతుండగా ఒక కారు వచ్చి ఢీకొన్నది. వైద్యులు కాలును నిలుపలేకపోయినారు. మోకాలి వద్ద తొలగించినారు. పదిహేడేండ్ల వయస్సు.

ఇటువంటి కథ చెప్పేవారు సాధారణంగా ఈ ఘట్టం వద్ద ఆగి కన్నీరు పెట్టిస్తారు. నటాలీ చరిత్రలో అందుకు తగినంత వ్యవధి లేదు. ప్రమాదం జరిగిన మూడు నెలలకు ఆమె మరల కొలనులో దిగినది. అప్పటికి కృత్రిమ పాదంతో నడవటం ఇంకా రాలేదు. నడక రాకముందే ఈత వచ్చినదన్న మాట! ఇది చమత్కారానికి అన్న మాట కాదు. నేల మీద దేహభారమంతా కాళ్లు మోయాలి. నీటిలో ఆ భారంలో అధికభాగం నీరే మోస్తుంది. మన పల్లెలలో నడుముకు బెండ్లో, ఎండిన ఆనపకాయ బుర్రో కట్టుకొని దిగుడుబావిలో ఈత నేర్చిన ప్రతి పిల్లవాడికీ ఈ సంగతి అనుభవంలో తెలుసు. గట్టుమీద బరువైన దేహం నీటిలో పడగానే తేలిక అయిపోతుంది. ఈతకు మించిన లోతు లేదని సామెత ఊరక పుట్టలేదు.

అయితే ఒంటికాలితో ఈదటం సులభమని దీనికి అర్థం కాదు. ఈ విషయాన్ని విద్యార్థులు కొంచెం నిదానంగా గ్రహించటం మంచిది. ఫ్రీస్టైల్ ఈతలో మనిషిని ముందుకు లాగేవి ప్రధానంగా చేతులు, భుజాలు. దూరపు పందేలలో కాళ్ల తన్ను వల్ల వచ్చే వేగం తక్కువే. మరి కాళ్లెందుకు? నడుమును నీటి మట్టానికి తేల్చి ఉంచటానికి, ఒక్కొక్క చేయి వేసినప్పుడు దేహం అటూ ఇటూ ఒరిగిపోకుండా ఎదురు బరువుగా నిలపటానికి. కుడి చేతికి ఎడమ కాలు, ఎడమ చేతికి కుడి కాలు తూకం. అందులో ఒకటి లేకపోతే త్రాసులో ఒక తట్ట తెగినట్లే. మిగిలిన కాలు రెండింటి పని చేయాలి. నడుము కండరాలు ఆ లోటును క్షణక్షణం సర్దుకొంటూ ఉండాలి. రెండవ చిక్కు గోడ వద్ద. పందెం మొదట గట్టు మీది దిమ్మె నుంచి దూకేటప్పుడు రెండు కాళ్లతో తన్నేవారికీ ఒక కాలితో తన్నేవారికీ భేదం ఉన్నది. ఏబది మీటర్ల కొలనులో 800 మీటర్లు ఈదవలెనంటే పదిహేనుసార్లు గోడను తన్ని మరలాలి. ఆ పదిహేనుసార్లూ ప్రక్క దారిలోని పోటీదారు రెండు కాళ్లతో తన్ని ముందుకు దూసుకుపోతుంది. నటాలీ ఒక కాలితో తన్నుతుంది. అక్కడ పోయిన కాలాన్ని నడుమ నున్న నీటిలో చేతులతో తిరిగి సంపాదించుకోవాలి. కృత్రిమ పాదాన్ని ఆమె ఈతలో వాడలేదు. దానిని గట్టుమీద విడిచి దిగేది.

2002లో మాంచెస్టరులో కామన్వెల్తు క్రీడలు జరిగినవి. ప్రమాదం జరిగి ఏడాదిన్నర కావస్తున్నది. వికలాంగుల 50 మీటర్లు, 100 మీటర్ల ఫ్రీస్టైల్ ఈతలు రెండింటిలోనూ ఆమె స్వర్ణ పతకాలు గెలిచినది. అంతటితో ఆగక, అందరితోపాటు 800 మీటర్ల పోటీలో పాల్గొని తుది పందేనికి అర్హత పొందినది. ఆ క్రీడలలో ఆస్ట్రేలియాకు చెందిన ఇయాన్ థోర్ప్ అను మహా ఈతగాడు ఆరు స్వర్ణాలు గెలుచుకొన్నాడు. అయినను ఆ క్రీడోత్సవాలకే ఉత్తమ క్రీడాకారులకు ఇచ్చే డేవిడ్ డిక్సన్ పురస్కారాన్ని, అది నెలకొల్పిన మొదటిసారి, నటాలీకే ఇచ్చినారు. ఆ మరుసటి సంవత్సరం ఆఫ్రికా ఖండ క్రీడలలో, సకలాంగులతో పోటీపడి, 800 మీటర్ల ఈతలో స్వర్ణం సాధించినది. హైదరాబాదుకు వచ్చినది ఆ సంవత్సరమే.

2004లో ఏథెన్సు పారాలింపిక్సులో అయిదు స్వర్ణాలు, ఒక రజతం ఆమెకు లభించినవి. కాని అదే నగరంలో కొద్ది రోజుల ముందు జరిగిన ఒలింపిక్సులో ఆమెకు చోటు దొరకలేదు. కొలనులో ప్రపంచంలోని అగ్రశ్రేణితో సమానంగా నిలవటానికి ఆ గోడలే అడ్డు వచ్చినవి. అప్పుడు ఒక అదృష్టం కలిసివచ్చినది. సరస్సులోనో సముద్రంలోనో జరిగే పదికిలోమీటర్ల ఈతను 2008 బీజింగు ఒలింపిక్సు నుంచి మొదటిసారిగా ప్రవేశపెట్టాలని నిర్ణయించినారు. అక్కడ గోడలు లేవు. మరల మరల తన్నవలసిన పని లేదు. దాదాపు రెండు గంటలసేపు ఎడతెగక చేతులు వేయగల ఓపిక, గుంపులో మోచేతుల పోట్లు, ఎదుటివారి కాలితాపులు ఓర్చుకొనే మొండితనం కావాలి. ఇవి రెండూ ఆమె వద్ద కావలసినన్ని ఉన్నవి. 2008 మే నెలలో స్పెయిన్ దేశంలోని సెవిల్‌లో జరిగిన ప్రపంచ పోటీలో ఆమె నాలుగవ స్థానంలో గట్టు చేరినది. విజేతకూ ఆమెకూ నడుమ భేదం అయిదు సెకండ్ల పైచిల్లర మాత్రమే. మొదటి పదిమందికి ఒలింపిక్సులో స్థానం నిశ్చయం. ఆమె ఎవరి దయతోనో, ప్రత్యేకానుమతితోనో ఒలింపిక్సుకు పోలేదన్నది ఇక్కడ గుర్తించవలసిన విషయం.

2008 ఆగస్టు 20న బీజింగు సమీపంలోని షున్యీ జలక్రీడా ప్రాంగణంలో ఆ పందెం జరిగినది. 25 మంది పోటీకి దిగినారు. రష్యాకు చెందిన లారిసా ఇల్చెంకో స్వర్ణం గెలిచినది. నటాలీ 2 గంటల 49.9 సెకండ్లలో పదిహారవ స్థానంలో వచ్చినది. విజేతకు 1 నిమిషం 22 సెకండ్లు వెనుక. ప్రపంచమంతా జేజేలు పలికినది. అప్పటి ప్రారంభోత్సవంలో తన దేశపు పతాకాన్ని మోసినది ఆమె; సెప్టెంబరులో పారాలింపిక్సు ప్రారంభోత్సవంలో మోసినదీ ఆమె. ఒకే సంవత్సరం రెండింటిలోనూ పతాకధారిణి అయినవారు అంతకు ముందు లేరు.

ఇక్కడ పత్రికలు చేసిన ఒక పొరపాటును సవరించుకోవటం మంచిది. అవయవం కోల్పోయి ఒలింపిక్సులో పాల్గొన్న మొదటి వ్యక్తి నటాలీయేనని కొందరు వ్రాసినారు. అది సరికాదు. 1904లోనే సెయింట్ లూయీ ఒలింపిక్సులో జార్జి ఐజర్ అను అమెరికా జిమ్నాస్టు కొయ్యకాలితో మూడు స్వర్ణాలతో కలిపి ఆరు పతకాలు గెలిచినాడు. నీటి విషయమే తీసుకొంటే, హంగరీ దేశస్థుడు ఒలివేర్ హలాషీ బాల్యంలో ట్రాముబండి ప్రమాదంలో ఎడమకాలిలో మోకాలి క్రింది భాగం పోగొట్టుకొన్నాడు. అయినను వాటర్‌పోలో జట్టులో ఆడి 1928లో రజతం, 1932లోనూ 1936లోనూ స్వర్ణాలు సాధించినాడు. 1931లో 1500 మీటర్ల ఈతలో యూరపు ఖండ విజేత కూడ అతడే. ఈ పేర్లు స్మరించినంత మాత్రాన నటాలీ ఘనత తగ్గదు. ఒక్కొక్కరిని చూచి ‘ఇదే మొదటి వింత’ అని ఆశ్చర్యపోవటం, మరునాటికి మరచిపోవటం లోకరీతి అయినది గనుక స్మరించవలసి వస్తున్నది.

నటాలీ మాత్రం బీజింగులో వచ్చిన పదిహారవ స్థానంతో సంతృప్తి చెందలేదు. మొదటి అయిదుగురిలో ఉండాలని ఆమె పోయినది. ఉండలేకపోయినది. అందుకు బాధపడినది. ఆమె చరిత్రలో ఉపాధ్యాయులు ముఖ్యంగా గమనించవలసిన ఘట్టం ఇదే అనిపిస్తుంది. ఒంటికాలితో పదికిలోమీటర్లు ఈదితే చాలదా, పదిహారవ స్థానం రావటమే గొప్ప కాదా అని ఓదార్చటానికి ప్రపంచం సిద్ధంగా ఉన్నది. ఆమె ఆ ఓదార్పును పుచ్చుకోలేదు. క్రీడాకారులందరూ తమను తాము ఏ కొలబద్దతో కొలుచుకొంటారో ఆ కొలబద్దతోనే తనను కొలుచుకొన్నది. ఓడిపోయినప్పుడు ఓడిపోయినానని బాధపడే హక్కు కూడ ఒక హక్కే. దానిని మనం వికలాంగులకు ఇవ్వటం లేదు.

మన పురాణాలలో అష్టావక్రుని కథ ఉన్నది. ఎనిమిది వంకరలు గల బాలుడు జనకుని సభకు పోయి, వాదంలో ఓడినవారిని నీట ముంచిన వంది అను పండితుని జయించి, అతడు నీట ముంచిన తన తండ్రిని విడిపించుకొన్నాడు. అంతవరకు కథ దివ్యంగా ఉన్నది. ఆ తరువాత తండ్రి ఆజ్ఞపై అతడు సమంగా నదిలో మునుగుతాడు. వంకరలన్నీ పోయి సమాంగుడై లేస్తాడు. భారతం చదివేవారు ఈ ముగింపును సంతోషంగా స్వీకరిస్తారు. కాని ఒక్క ప్రశ్న మిగులుతుంది. వంకర అవయవాలతోనే జయించిన వానికి చివరకు అవయవాలు చక్కదిద్ది పంపితే గాని కథకునకు తృప్తి కలగలేదేమి? అదే పురాణ వాఙ్మయంలో తొడలు లేని అనూరుడున్నాడు. అతడు ప్రతి ఉదయం సూర్యుని రథం తోలుతూనే ఉన్నాడు. అతనికి ఎవరూ కాళ్లు మొలిపించలేదు, అతనిని చూచి జాలిపడనూ లేదు. నటాలీ ఏ నీటిలో మునిగినా ఒంటికాలితోనే పైకి వచ్చినది. ఆమెది అనూరుని త్రోవ.

మన దేశంలోనూ ఈ త్రోవ నడచినవారు లేకపోలేదు. మహారాష్ట్రకు చెందిన మురళీకాంత్ పేట్కర్ సైన్యంలో చేరి బాక్సింగులో పేరు తెచ్చుకొన్నాడు. 1965 యుద్ధంలో తూటాలు తగిలి వికలాంగుడయినాడు. చికిత్సలో భాగంగా వైద్యులు ఈదమన్నారు, ఈదినాడు. 1972లో జర్మనీలోని హైడల్‌బెర్గ్‌లో జరిగిన పారాలింపిక్సులో 50 మీటర్ల ఫ్రీస్టైల్ ఈతను 37.33 సెకండ్లలో ముగించి స్వర్ణం గెలిచినాడు. పారాలింపిక్సులో భారతదేశానికి అది మొదటి స్వర్ణం. ఒలింపిక్సులో భారతీయుడొకడు వ్యక్తిగతంగా స్వర్ణం గెలవటానికి ఆ తరువాత 36 సంవత్సరాలు పట్టినది. పేట్కర్‌కు పద్మశ్రీ ఇచ్చినది 2018లో. అర్జున పురస్కారం, అదియును జీవితకాల కృషికిగాను, 2025 జనవరిలో. మధ్యలో 2024లో అతని జీవితాన్ని అనుసరించి హిందీ చలనచిత్రం ఒకటి వచ్చినది. చిత్రం వచ్చిన తరువాత గాని పేరు వినని ఉపాధ్యాయులు ఎందరో ఉన్నారు. అందుకు వారిని మాత్రమే తప్పుపట్టటం న్యాయం కాదు. పాఠ్యపుస్తకాలలో ఆ పేరు వెదకినా కనిపించటం అరుదు.

చలనచిత్రం మాట వచ్చినది గనుక మరొకటి. 1980ల నడుమ ‘మయూరి’ తెలుగునాట విడుదలయినప్పుడు, ప్రమాదంలో కాలు కోల్పోయి జయపూరు పాదంతో మరల నాట్యం చేసిన సుధాచంద్రన్ తన పాత్రను తానే ధరించగా చూచి, ప్రేక్షకులు చెమ్మగిలిన కండ్లతో చప్పట్లు చరిచినారు. ఆ చప్పట్లు మనస్ఫూర్తిగా చరిచినవే. కాని అట్లా చప్పట్లు చరిచినవారి ఊళ్లలోనే, బడి వేదికకు మెట్లే తప్ప వాలుదారి లేకుండా దశాబ్దాలు గడిచినవి. కన్నీరు కార్చటం సులభం. నాలుగు బస్తాల సిమెంటు తెప్పించి మెట్ల ప్రక్కన వాలుదారి కట్టించటానికి మాత్రం ఎవరికీ తీరిక దొరకదు.

ఏటా డిసెంబరు 3న అంతర్జాతీయ వికలాంగ దినోత్సవం జరుగుతున్నది. 1992లో ఐక్యరాజ్యసమితి ఈ దినాన్ని నిర్ణయించినది. పాఠశాలలలో ఆనాడు సభ పెడతారు. నడవలేని విద్యార్థిని ముందు వరుసలో కూర్చుండబెడతారు. పండో, పలకో, పెన్సిళ్ల పెట్టెయో చేతికిస్తారు. ‘దివ్యాంగులు’ అని సంబోధించి ఉపన్యాసాలు చేస్తారు. పూర్వం అవిటివాడని, కుంటివాడని నోరు జారినవారు మాట మార్చుకోవటం మంచిదే. భాషలో మర్యాద అవసరమే. కాని దివ్యత్వం అంటగట్టినంత మాత్రాన డ్రిల్లు పీరియడు రాదు. మరునాడు డిసెంబరు 4. గంట కొట్టగానే పిల్లలందరూ ఆటస్థలానికి పరుగెత్తుతారు. ఈ ఒక్క పిల్లవాడు మాత్రం వేపచెట్టు క్రింద కూర్చుని తోటివారి చెప్పులకు, పుస్తకాల సంచులకు కాపలా కాస్తాడు. ఆ పని అతనికి ఎవరూ శిక్షగా విధించలేదు. దయతోనే అప్పగించినారు. ‘పాపం, వాడిని కష్టపెట్టవద్దు’ అని పెద్దలు అనుకొన్నారు. అట్లా ఒకటవ తరగతిలో కూర్చున్న పిల్లవాడు పదవ తరగతి దాక ఆ చెట్టు క్రిందనే ఉంటాడు. పదేండ్లలో తన చేతులలో ఎంత బలమున్నదో అతనికి తెలియదు. అతని గురువులకూ తెలియదు.

ఇది దయాదాక్షిణ్యాలకు విడిచిపెట్టిన విషయం కూడ కాదు. పార్లమెంటు ఆమోదించిన 2016 సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్నది. పూర్వపు 1995 చట్టం ఏడు విధాల వైకల్యాలను గుర్తించగా, ఇది ఇరువది యొక్క విధాలను గుర్తించినది. అందులో పదహారవ విభాగం, ప్రభుత్వ పాఠశాలలేగాక ప్రభుత్వ గుర్తింపు పొందిన విద్యాసంస్థలన్నీ వికలాంగులైన పిల్లలను వివక్ష లేకుండ చేర్చుకోవాలనీ, చదువుతోపాటు ఆటలలోనూ వినోదాలలోనూ తక్కినవారితో సమానమైన అవకాశాలు కల్పించాలనీ విధిస్తున్నది. ఆటలన్న మాట చట్టంలో స్పష్టంగా ఉన్నది. చెట్టు నీడన్న మాట లేదు.

ఉపాధ్యాయుల కష్టాలు తెలియనివి కావు. చాల పాఠశాలలకు వ్యాయామోపాధ్యాయుడే లేడు. ఉన్నచోట నాలుగు వందలమందికి ఒక్కడు. ఆటస్థలం పేరిట రాళ్లూ పల్లేరుకాయలూ తప్ప లేనిచోట ఈతకొలను మాట ఎత్తితే పరిహాసంగా ఉంటుంది. గచ్చిబౌలి కొలను వంటిది ప్రతి ఊరికీ రాదు, అక్కరలేదు కూడ. నేలమీద కూర్చుండియే గుండు విసరవచ్చును, ఈటె విసరవచ్చును. పారాలింపిక్సులో అట్లాగే కూర్చుండి విసురుతారు. క్యారంబోర్డుకు, చదరంగానికి కాళ్లతో పని లేదు. నీరున్న పల్లెలలో మాత్రం, ఈత బాగుగా వచ్చిన పెద్దవారిద్దరు వెంట ఉండగా, వైద్యుడు సరేనన్న మీదట, బెండ్లు కట్టి లోతులేని నీటిలో దింపటం అసాధ్యమేమీ కాదు. పెద్దల కాపలా లేకుండ ఏ పిల్లవానినీ, సకలాంగుడైనా వికలాంగుడైనా, బావిలోగాని కాలువలోగాని దిగనీయరాదు. ఈ విషయంలో పల్లెలు ఏటా వేసవిలో చెల్లిస్తున్న మూల్యం అందరికీ తెలిసినదే.

చెట్టు క్రింది పిల్లవానిని ఆటలోనికి పిలిచిన తరువాత ఉపాధ్యాయునికి మరొక పరీక్ష ఎదురవుతుంది. ఓదార్పు బహుమతి అను ఆచారం ఒకటి మన వార్షికోత్సవాలలో పాతుకొనిపోయినది. పాల్గొన్నందుకే పళ్లెం ఇచ్చి పంపుతారు. నిన్న ఎంత దూరం విసిరినాడో, నేడు ఎంత విసిరినాడో కొలిచి వ్రాయటానికి ఎవరూ పూనుకోరు. కొలత లేని ఆట పిల్లవానికి కూడ రుచించదు. తనను లెక్కలో వేయలేదని వానికి ఇట్టే తెలిసిపోతుంది. టేపు పట్టి కొలిచి, అంకె పుస్తకంలో వేసి, ‘నిన్నటికంటె జానెడు తగ్గినది’ అని చెప్పగల గురువు దొరికితే వాడు మరునాడు గంట కొట్టకముందే వచ్చి నిలుచుంటాడు.

నటాలీ 2008 పారాలింపిక్సులో మరల అయిదు స్వర్ణాలు గెలిచినది. 2012 లండను ఒలింపిక్సు పదికిలోమీటర్ల ఈతలో ఆమె లేదు; ఆ వెంటనే జరిగిన పారాలింపిక్సులో మూడు స్వర్ణాలు, ఒక రజతం సాధించి, ఇరువది ఎనిమిదేండ్ల వయస్సులో పోటీల నుంచి విరమించుకొన్నది. మూడు పారాలింపిక్సులలో మొత్తం పదమూడు స్వర్ణాలు, రెండు రజతాలు. ఈ లెక్కలో హైదరాబాదులో గెలిచిన రజతం, కాంస్యం చేరవు. అవి వేరే పట్టికలోనివి, అందరితోపాటు ఈది గెలిచినవి. గచ్చిబౌలి మీదుగా పిల్లలను విహారయాత్రకు తీసుకొనిపోయే ఉపాధ్యాయులు ఆ కొలను గట్టున ఒక్క నిమిషం బస్సు ఆపి ఈ సంగతి చెప్పవచ్చును. బస్సు దిగేటప్పుడు, చంకకర్రలతో నడిచే విద్యార్థి ఎవరైనా ఉంటే, అతనిని సీటులోనే కూర్చుండమని చెప్పకుండ దించవలెను.